కొంగ రెండో కాలు

కెప్టెన్ క్విన్సీ రెండో కాలు ఎక్కడుందో తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. పేరు డెస్మండ్ టాప్‌స్కాట్. సోమర్సెట్ పల్లపు నేలల్లో, చలికాలం వచ్చిందంటే వరద నీళ్లు చుట్టపుచూపుగా వచ్చి వెళ్లే మా ఊళ్లో, మా ఇంటికి మూడిళ్ల అవతల కాపురం.

క్విన్సీ ఒక కొంగ. డెస్మండ్ నవలల్లో ఒక రేవుంది. దానికి ఓడలు రావు, మబ్బులు వస్తాయి. వచ్చిన మబ్బుని తాడేసి కట్టాలి, చీటీ చింపి ఇవ్వాలి, రేవులో ఉరిమితే జరిమానా వెయ్యాలి. ఇత్తడి గుండీల కోటు తొడుక్కుని ఇదంతా చూసుకునే అధికారి ఈ కొంగ. జపం చెయ్యని కొంగ, అంటే నిజాయితీపరురాలన్నమాట. కోపమొస్తే ఒంటికాలి మీద లేస్తుంది. కోపం రాకపోయినా ఒంటికాలి మీదే ఉంటుంది. మొదటి పుస్తకం నుంచీ అంతే. రెండో కాలు పొట్ట కింద ముడుచుకుందేమో అనుకోడానికి లేదు, ఏడో పుస్తకంలో కోటు విప్పి ఆరేసిన సన్నివేశం ఒకటుంది. కాలు లేదు. పోయిందా అని ఎవరైనా అడిగితే, "పోలేదు, వేరే చోట పనిలో ఉంది" అని కొంగ జవాబు.

చిన్నప్పుడు చదివినవాళ్లు పెద్దవాళ్లై, పిల్లల్ని కని, వాళ్లకి చదివి వినిపించేదాకా ఈ కాలు కాలంతో పాటు సాగింది. ఉత్తరాలు వచ్చేవి. ఉత్తరాలకన్నా ఎక్కువగా మేజోళ్లు వచ్చేవి, ఒక్కొక్కటే. ఊలుతో అల్లి, కొలత ఊహించి, "రెండో కాలికి" అని చీటీ కట్టి పంపేవాళ్లు. డెస్మండ్ భార్య హెస్టర్ వాటికోసం ఒక బీరువా కేటాయించింది. ఆ ఇంట్లో జత కుదిరినవి వాళ్లిద్దరే అని నేను అంటే, ఆవిడ నవ్వకుండా టీ పోసేది.

కాలు సంగతి ఎప్పుడు చెబుతారని ఒక సభలో ఎవరో అడిగితే, నలభై దాటిన ఉత్సాహంలో డెస్మండ్, "చివరి పుస్తకంలో" అనేశాడు. చివరి పుస్తకమంటే ఎనభై ఏళ్లప్పుడు, పళ్లూడాక, అని లెక్క. లెక్క తప్పింది. అరవై అయిదు దాటీ దాటకుండానే బ్రిస్టల్‌లో డాక్టరు ఆయన బుర్ర ఫొటోలు తీసి, జబ్బుకి పొడుగాటి పేరొకటి చెప్పింది. "ఏదీ గుర్తుండని జబ్బుకి గుర్తుండని పేరు పెట్టడం ఏం మర్యాదండీ" అన్నాడు డెస్మండ్. డాక్టరు నవ్వింది. హెస్టర్ నవ్వలేదు.

ముందుగా పోయినవి అక్షరాలు. కీబోర్డు మీద ఎదురుగా ఉన్నా కంటికి ఆనేవి కావు. అక్కణ్నుంచి ఆయన చెప్పేవాడు, నేను కొట్టేవాణ్ని. జిల్లా వారపత్రికలో హాస్యం పేరిట మాటల్ని విరిచి అతికించి జనాన్ని విసిగించడం నా వృత్తి. ఆయన దాన్ని శబ్దకాలుష్యం అనేవాడు. అయినా పిలిచింది నన్నే. "ఒరేయ్ గిల్, నీ జోకులు నా పుస్తకంలోకి కారకుండా చూసుకుంటే చాలు, మిగతా టైపింగు తప్పులు భరిస్తా" అన్నాడు.

ఆయన పని తీరు ముందు నుంచీ విచిత్రమే. కథ వరసగా చెప్పేవాడు కాదు. ఇవాళ పెళ్లి, రేపు పుట్టుక, ఎల్లుండి తుఫాను. ముక్కలన్నీ అయ్యాక కుట్టుకునేవాడు. జోకు మాత్రం ముందు నోటితో చెప్పి చూడకుండా కాగితం మీద పెట్టేవాడు కాదు. చెప్పి చూసే చోటు ఒకటే. మా వీధి చివర 'మునిగిన ఆవు' అనే పబ్బు. ఆవు ఎప్పటిదో వరదలో మునిగింది, పబ్బు ఏటా మునుగుతుంది, మేం గురువారం గురువారం మునిగేవాళ్లం.

ఆ పబ్బు డోరీన్ స్టకీది. ఆవిడ నవ్వే మనిషి కాదు. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉన్నప్పుడు బల్ల వెనక నిలబడి గ్లాసులు తుడుస్తుంది. డెస్మండ్ జోకు చెబుతాడు. బాగుంటే డోరీన్ చేతిలో గ్లాసు బల్ల మీదికి దిగుతుంది. బాగోకపోతే తుడుస్తూనే ఉంటుంది. గ్లాసు దిగిన జోకు పుస్తకంలోకి ఎక్కుతుంది, దిగనిది ఆపిల్ సైడర్‌తో పాటు కడుపులోకి పోతుంది. లండన్‌లో ప్రచురణకర్తలు, పత్రికలు, బహుమతుల కమిటీలు ఎన్ని ఉన్నా ఆయనకి ఆ గ్లాసే గీటురాయి. ఏ జోకైనా అక్కడ ఒక్కసారే. రెండోసారి చెబితే జోకు కాదట, ప్రకటనట.

కాబట్టి కొంగ కాలు సంగతి ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. రాసి పెట్టుకోలేదు. హెస్టర్‌కి కూడా చెప్పలేదు. ఇన్నేళ్ల సంసారంలో ఆయన తన దగ్గర దాచింది ఒక పక్షి కాలొక్కటే అని ఆవిడ అనేది.

వరదలు తీసే సమయానికి పుస్తకం దాదాపు అయిపోయింది, ఆఖరి ప్రకరణం మినహా. లండన్ నుంచి ఇమోజెన్ అనే సంపాదకురాలు ప్రతి సోమవారం ఫోన్ చేసి, తొందరేమీ లేదండీ అని చెప్పేది. మా దేశంలో తొందరేమీ లేదు అంటే అచ్చు యంత్రం సిద్ధం చేసి మీకోసం ఆపి ఉంచామని అర్థం. పర్వాలేదు బాగానే ఉంది అంటే తగలబెట్టండని అర్థం. మర్యాద మాకు మాతృభాష. ఎవడైనా మన కాలు తొక్కితే క్షమించమని అడిగేది మనమే. చొక్కా తిరగేసి తొడుక్కున్న మనిషితో సాయంత్రం దాకా వాన గురించి మాట్లాడతాం గానీ చొక్కా మాట ఎత్తం.

డెస్మండ్ విషయంలోనూ అదే చేశాం.

ఆ చలికాలంలో ఆయన చెప్పిన జోకే చెప్పడం మొదలెట్టాడు. మొదటిసారి మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. తర్వాత మొహాలు చూసుకోవడం మానేసి నవ్వాం. కొన్నాళ్లకి జోకు మధ్యలో ఆగిపోవడం వచ్చింది. ఆగి, గాలిలో ఏదో తడుముకుంటున్నట్టు చూసేవాడు. ఆ చూపు చూడలేక ఎవరో ఒకరు అక్కడే నవ్వేసేవాళ్లం, చివరి మాట వచ్చేసినట్టు. దానికి నేను బాగా పనికొచ్చాను. నా నవ్వు పెద్దది, వంతెన అవతలి ఆవులు కూడా తలెత్తి చూస్తాయి. ఎవరూ కూడబలుక్కోలేదు. డోరీన్ కూడా కలిసింది. గ్లాసు దించడం మొదలెట్టింది. ఏ జోకుకైనా, సగం జోకుకైనా, ఆగిన చోటల్లా టక్కుమని గ్లాసు దిగేది. డెస్మండ్ మొహం వెలిగేది. మతి మబ్బేసిన మనిషికి ఆ మాత్రం వెలుతురు చాలనుకున్నాం.

మార్చిలో ఒక గురువారం ఆయన కోటు గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని పబ్బుకి వచ్చాడు. వస్తూనే, ఇవాళ కాలు, అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. హెస్టర్‌కి అయింది, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పబ్బులో ఉన్న వాళ్లు, నీటికాలవలు చూసుకునే మనుషులు, విల్లో కొమ్మలతో బుట్టలల్లే వాళ్లు, పోస్టు వాన్ నడిపే అతను, అందరూ గ్లాసులతో ఇటు తిరిగారు. డోరీన్ కొత్త తుండు తీసుకుంది.

డెస్మండ్ బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. కథ ఎత్తుకున్నాడు. నేను ఎన్నడూ వినని కథ. వాన శాఖవాళ్లు రేవు తనిఖీకి వస్తారు. అధికారికి రెండు కాళ్లుండాలని నిబంధన, లెక్క చూపించమంటారు. కొంగ కాయితాలు తెస్తానంటుంది, తేదు. మంత్రి వస్తాడు. రాణీగారు వస్తుంది. ఆవిడ మబ్బు దిగి, గొడుగు మడిచి, కొంగ కంట్లోకి చూసి అడుగుతుంది. అచ్చంగా పాత డెస్మండ్ తిరిగొచ్చాడు. ఒక్క మాట తడబడలేదు. నేను టైపు కొట్టేవాణ్నన్న సంగతి మర్చిపోయి వింటున్నాను.

"అప్పుడు కొంగ చెప్పింది. ఆ రెండో కాలు ఎక్కడుందంటే..."

ఆగాడు.

డెస్మండ్ ఆగడం తెలిసినవాళ్లకి తెలుసు. ఆయన విద్యంతా అక్కడే ఉంది. చివరి మాటకి ముందు ఇంత చోటు వదులుతాడు, వినేవాడి ఊపిరి అందులో పడిపోతుంది. కానీ మేం ఆ చలికాలమంతా ఇంకో ఆగడానికి అలవాటు పడి ఉన్నాం. ఆగాడంటే పోయిందని. పోయిందంటే నవ్వాలని.

టక్కుమని గ్లాసు దిగింది. ఆ వెంటనే అందరం. నా నవ్వు అందరికన్నా పైన. పోస్టు వాన్ మనిషి చప్పట్లు కొట్టాడు.

డెస్మండ్ ఒంటికాలి మీదే మమ్మల్నందర్నీ చూశాడు. నోరు తెరిచి ఉంది. తర్వాత మెల్లగా నోరు మూసి, కాలు దించి, తల వంచి, రంగస్థలం మీద నటుడిలా అటూ ఇటూ వందనం చేసి కూర్చున్నాడు. సైడర్ తాగాడు. ముగ్గురం ఇంటికి నడిచాం. కాలు ఎక్కడుందో విన్నానని నేను ప్రమాణం చేసి చెప్పగలిగే స్థితిలో ఉన్నాను, ఇంటి గేటు దాకా. గేటు దగ్గర తెలిసింది, వినలేదని.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు.

"రాసెయ్ గిల్."

"ఏం రాయను?"

"కాలు సంగతి. నిన్న చెప్పానుగా, డోరీన్ గ్లాసు దించింది కూడా. అలాగే పెట్టెయ్."

ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పడన్నాడు. రెండోసారి చెబితే ప్రకటనే కదా. అన్నీ పోయిన బుర్రలో ఆ నియమం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. బతిమాలాను. చెవుడని అబద్ధమాడాను, ఇంత గోలమనిషిని కదా, ఆయన నమ్మే అవకాశమూ ఉంది. విననివాడు పక్కవాణ్ని అడగాలి గానీ చెప్పినవాణ్ని కాదన్నాడు. హెస్టర్ వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి చేతిలోకి తీసుకుని, నాకోసం చెప్పు డెస్ అంది. ఆయన ఆవిడకోసం మొదలెట్టాడు. వాన శాఖ, మంత్రి, రాణి, గొడుగు. "ఆ రెండో కాలు ఎక్కడుందంటే" దాకా వచ్చి, మాట పడాల్సిన చోట ఏమీ లేకపోయేసరికి, అదే కదా నిన్న చెప్పాను అన్నాడు. కళ్లలో భయం కనిపించింది. మేం ఇక అడగలేదు.

సోమవారం ఇమోజెన్ ఫోన్ చేసింది. విషయం చెప్పాం. విని, మీకు అభ్యంతరం లేకపోతే, బలవంతం ఏమీ లేదు, గిల్బర్ట్‌గారు ఒక చిన్న ప్రయత్నం చేస్తే ఎలా ఉంటుందో అంది. అంటే ఆ కాలు నన్ను తయారు చెయ్యమని. హెస్టర్ ఫోన్ పెట్టేసి, "ఆయన పుస్తకంలో నీ కాలు పెట్టకు" అంది. మళ్లీ కాసేపటికి తనే వచ్చి, ప్రయత్నించు, అంది. పాపం ఆవిడ ఏం చేస్తుంది. బీరువా నిండా మేజోళ్లు.

కాళ్లు తయారు చెయ్యడం నాకొక పనా. మధ్యాహ్నంలోగా డజను కాళ్లు పుట్టించాను, జెర్రి కుళ్లుకునేలా. అన్నీ నావే, మొహం చూస్తే తెలిసిపోయేవే. ఒక్కటి మాత్రం నాకే నచ్చింది. ఆ రెండో కాలు పోస్టాఫీసు వరసలో స్థలం పట్టుకుని నిలబడి ఉంటుంది, ఇన్నేళ్లుగా, ఎందుకంటే ముందున్న పెద్దావిణ్ని తొందరపెట్టడం బాగుండదని. మా దేశపు జోకు, మర్యాద జోకు. గురువారం ఒక్కణ్నే పబ్బుకి వెళ్లి డోరీన్‌కి చెప్పాను.

ఆవిడ తుడుస్తూనే విన్నది. విన్నాక కూడా తుడుస్తూనే ఉంది.

"బాగానే ఉంది నాయనా," అంది. "డెస్‌ది కాదు."

"కాదని నాకూ తెలుసు. కానీ ఎవరికి తెలుస్తుంది?"

"నాకు."

నేను లేవబోతుంటే, ఆ రోజు ఆయన ఆగింది మర్చిపోయి కాదు కదా గిల్ అని అడిగింది. కాదన్నాను. ఆవిడ చేతిలో గ్లాసుని దీపం ముందు పట్టుకుని, మరక ఉందేమో అన్నట్టు చాలాసేపు చూసింది. నాకు తెలిసి ఆ గ్లాసు మీద మరకేమీ లేదు.

మర్నాడు డోరీన్ పబ్బు తాళం వేసి డెస్మండ్ ఇంటికి వచ్చింది. వరదలప్పుడు తప్ప ఆవిడ పబ్బు మూసింది మేమెవరం చూడలేదు. చేతిలో ఒక గ్లాసు, ఒక తుండు. కిటికీ దగ్గర కుర్చీలో డెస్మండ్, దూరంగా కాలవ గట్టు మీద నిజం కొంగొకటి. ఆ పూట ఆయన తేటగా ఉన్నాడు. అలాంటి పూటలు అప్పటికి అరుదైపోయాయి. డోరీన్ ఎదురుగా నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. తర్వాత మా ఊళ్లో ఎవరూ ఎవరితోనూ అనని మాట అంది.

"డెస్, ఆ రోజు నువ్వు చెప్పలేదు. నువ్వు చెప్పేలోగా నేను గ్లాసు దించేశాను."

హెస్టర్ చేతిలో టీ కప్పు పక్కన పెట్టేసింది. నేను కార్పెట్ మీద పువ్వులు చూస్తున్నాను.

"తెలుసు," అన్నాడు డెస్మండ్.



"చలికాలమంతా నువ్వు ముందే దించుతున్నావు డోరీన్. ఒక్కటీ దించాల్సిన చోట దించలేదు. ఈ గిల్‌గాడైతే నేను నోరు తెరవకముందే నవ్వుతాడు. ఆ మాట అంటే మీరు బాధపడతారని ఊరుకున్నా."

"మరి ఆ రోజు?" అంది హెస్టర్. "ఆ రోజు ఆపి చెప్పాల్సింది కదా డెస్."

"అందరూ అంత బాగా నవ్వుతుంటే ఆపమనడం ఏం బాగుంటుంది హెస్. వచ్చే గురువారం చెబుదామనుకున్నా."

ఆయన నొచ్చుకుంటాడని మేం నవ్వాం. మేం నొచ్చుకుంటామని ఆయన వందనం చేశాడు. ఇంత మర్యాదస్తుల మధ్య పడి ఆ కాలు ఊపిరాడక చచ్చింది.

"ఇప్పుడు చెప్పు," అంది డోరీన్. "నేను నవ్వను. నువ్వు పూర్తి చేసేదాకా ఇది దించను."

ఆవిడ తుడవడం మొదలెట్టింది. డెస్మండ్ కుర్చీలోనే వెన్ను నిటారు చేశాడు. వాన శాఖ వచ్చింది. మంత్రి వచ్చాడు. రాణి మబ్బు దిగింది, గొడుగు మడిచింది. ఈసారి ఇంకా బాగా చెప్పాడు, రాణి గొంతు కూడా పెట్టాడు.

"అప్పుడు కొంగ చెప్పింది. ఆ రెండో కాలు ఎక్కడుందంటే..."

ఆగాడు. మేం నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను అంత మౌనంగా ఉన్నది అదొక్కసారే. తుండు గ్లాసు మీద కీచుమంటూ తిరుగుతోంది. ఆయన చూపు కిటికీ మీదికి పోయింది, తిరిగొచ్చింది. హెస్టర్ మొహం మీద ఆగింది, నా మొహం మీద ఆగింది, మాలో ఎవరి జేబులోనో ఉంది, తియ్యడం లేదన్నట్టు. చోటు అలాగే ఉంది, ఎంత బాగా వదిలాడో అంత బాగానూ ఉంది. అందులోకి ఏమీ రాలేదు. బయట గట్టు మీది కొంగ లేచి ఎటో పోయింది.

"మంచిదే అది," అన్నాడు చివరికి. "నువ్వు దించేదానివి."

డోరీన్ తల ఊపింది. గ్లాసు దించలేదు. గ్లాసు చేత్తోనే ఇంటికి వెళ్లింది.

పుస్తకం శరత్కాలంలో వచ్చింది. రాణి అడుగుతుంది, కొంగ ఏమీ అనకుండా ఆమె మబ్బుకి కట్టిన తాడు విప్పి వదిలేస్తుంది. అక్కడితో అయిపోతుంది. అంతకు మించి మా దగ్గర ఏమీ లేదు. లండన్ పత్రికలు ఆ ముగింపుని ఆకాశానికెత్తాయి. ముప్ఫై ఏళ్ల ప్రశ్నకి జవాబు చెప్పకుండా వదిలెయ్యడమే టాప్‌స్కాట్ పరిణతికి పరాకాష్ఠ అని ఒకాయన రాశాడు. మౌనమే ఆ చివరి హాస్యం అని ఇంకొకావిడ. మేం అందరికీ ధన్యవాదాలు చెప్పాం. కాదనడం బాగుండదు కదా. మేజోళ్లు వస్తూనే ఉన్నాయి, ఇప్పుడు చీటీలు మాత్రం లేవు.

డోరీన్ ప్రతి గురువారం మధ్యాహ్నం పబ్బు మూసి ఆ ఇంటికి వస్తుంది. గ్లాసు, తుండు. డెస్మండ్‌కి ఇప్పుడు ఆవిడ పేరు తెలియదు, నాది తెలియదు. హెస్టర్ని ఎవరో మంచి అమ్మాయి అంటాడు. కొంగ మాట ఎత్తడు. కానీ ఆ గ్లాసుని మాత్రం చూస్తాడు. అది తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటాడు, ఏదో గుర్తొచ్చే ముందు మనుషులు కూర్చున్నట్టు.

మొన్న గురువారం చాలాసేపు చూసి, ఆవిడ శ్రమ చూడలేక కాబోలు, ఎంతో వినయంగా అన్నాడు.

"అమ్మా, అది ఎప్పుడో ఆరిపోయిందేమోనండీ."

"లేదు నాయనా," అంది డోరీన్, తుడుస్తూనే. "ఇంకా తడిగానే ఉంది."